కోపిపాడ్ల పెంపకంలో వేడి, వెలుతురు: తరచుగా అడిగే ప్రశ్నలు

కోపిపాడ్లంటే రొయ్యలు, పీతల వర్గానికి చెందిన అతి చిన్న నీటి జీవులు, చేప లార్వాలకు మేతగా పెంచుతారు. మొదటి ట్యాంకు మొదలుపెట్టినవాళ్ళు దాదాపు అందరూ అడిగేవే ఇవి. కొన్నిటికి ఒక్క ముక్కలో జవాబుంది, కొన్నిటికి లేదు. డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే.

రోటిఫర్లు, ఆర్టీమియా ఉండగా ఈ కోపిపాడ్లతో తంటా ఎందుకు?

ఆ రెండూ కూడా మేతగా వాడే చిన్న జీవులే. కోపిపాడ్లు మాత్రం నోరు చిన్నగా ఉండే లార్వాల (అప్పుడే పుట్టిన చేపపిల్లల) కోసం. అప్పుడే పొదిగిన ఆర్టీమియా నాప్లి (గుడ్డులోంచి వచ్చిన తొలి దశ పిల్ల) దాదాపు 400 మైక్రాన్ల పొడవుంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). గ్రూపర్, స్నాపర్ లాంటి చేపల లార్వాలు మొదటి మేతకు దాన్ని మింగలేవు. చాలా కోపిపాడ్ల మొదటి దశ నాప్లి 100 మైక్రాన్లకు అటూ ఇటూ ఉంటుంది, పార్వోకలానస్ లాంటివైతే ఇంకా చిన్నవి. పైగా వీటిలో డీహెచ్‌ఏ, ఈపీఏ అనే ఒమేగా-3 కొవ్వులు సహజంగానే ఉంటాయి కాబట్టి రోటిఫర్లకు పట్టించినట్టు విడిగా ఎమల్షన్ (కొవ్వు కలిపిన ద్రావణం) పట్టించే పని తక్కువ. ఇంకో సంగతి, నాప్లి కాసేపు ఆగి ఒక్క గెంతు గెంతుతుంది. ఆ గెంతు చూసే లార్వా దాని వెంట పడుతుంది. ఇన్ని లాభాలున్నా అందరూ పెంచకపోవడానికి కారణం, రోటిఫర్ల లాగా ఇవి మన తప్పుల్ని ఓర్చుకోవు. ఎక్కువ తప్పులు జరిగేది వేడి, వెలుతురు దగ్గరే.

ఎన్ని డిగ్రీల్లో పెంచాలి?

ముందు మీ దగ్గరున్నది ఏ జాతో చెప్పాలి. "కోపిపాడ్లకు ఎన్ని డిగ్రీలు" అని అడగడం "పక్షులకు ఎంత చలి పడుతుంది" అని అడిగినట్టే.

హేచరీల్లో (చేపపిల్లల్ని పుట్టించి పెంచే చోట్ల) వాడేవి ముఖ్యంగా మూడు రకాలు. నీళ్ళలో తేలుతూ తిరిగే కలనాయిడ్లు (అకార్టియా, పార్వోకలానస్, సూడోడయాప్టమస్), అడుగునో గోడలకో అంటిపెట్టుకుని పాకే హార్పాక్టికాయిడ్లు (టిస్బె, టిగ్రియోపస్, నైటోక్రా), రెంటికీ మధ్యరకంగా ఉండే సైక్లోపాయిడ్లు (అపోసైక్లాప్స్, ఓయిథోనా). పార్వోకలానస్ క్రాసిరోస్ట్రిస్ వెచ్చటి సముద్రాల జీవి, 26 నుంచి 30 మధ్య హాయిగా ఉంటుంది. అకార్టియా టోన్సా చల్లటి నీళ్ళలోనూ బతుకుతుంది, వెచ్చటి నీళ్ళలోనూ బతుకుతుంది. గుడ్లు బాగా పెట్టేది మాత్రం 20 దాటాక, 25 లోపు. డెన్మార్క్‌లో పరిశోధకులు 1981లో ఓరెసుండ్ జలసంధి నుంచి తెచ్చిన అకార్టియా టోన్సా సంతతిని తరాల తరబడి ల్యాబులో 17, 18 డిగ్రీల దగ్గరే పెంచుకుంటూ వచ్చారు. అదే జాతి వెచ్చటి తీరాల్లోనూ దొరుకుతుంది. కాబట్టి జాతి పేరొక్కటే సరిపోదు, మీ స్టాక్ ఎక్కడి నీళ్ళలోంచి వచ్చిందో, ఇచ్చినవాళ్ళు ఎంత వేడిలో పెంచారో కనుక్కోండి. మొదటి రెండు మూడు తరాలు ఆ వేడిలోనే ఉంచి, ఆ తర్వాత మీకు కావాల్సిన వైపు మెల్లగా జరపండి.

టిగ్రియోపస్ సంగతే వేరు. ఒడ్డున రాళ్ళ గుంటల్లో, ఎండకు కాగి రాత్రికి చల్లారే నీళ్ళలో పుట్టి పెరిగిన జీవి అది. మిగతావి చచ్చే వేడిలోనూ ఈదుతూ కనిపిస్తుంది. దాన్ని చూసి మిగతావాటి సంగతి అంచనా వేయకండి.

వేడి పెరిగితే ఎంత తొందరగా పెరుగుతాయి?

చాలా తొందరగా. కోపిపాడ్ జీవితంలో గుడ్డు తర్వాత ఆరు నాప్లి దశలు, ఆపైన అయిదు కోపిపోడైట్ (నాప్లికీ పెద్దదానికీ మధ్య) దశలు దాటితేనే పెద్దది అవుతుంది. ప్రతి దశకూ ఒకసారి పాత పెంకు వదలాలి. ప్రతి దశ ఎంతసేపు పట్టేదీ నీళ్ళ వేడి మీదే ఎక్కువగా ఆధారపడుతుంది, మేత సరిపడా ఉంటే. అకార్టియా టోన్సా 17, 18 డిగ్రీల్లో గుడ్డు నుంచి పెద్దయ్యేసరికి మూడు వారాల దాకా తీసుకుంటుంది, 25 దగ్గర పది రోజులు అటూ ఇటూగా అయిపోతుంది. గుడ్డు పొదగడం కూడా అంతే, 25 దగ్గర ఒక రోజులో చాలావరకు పగిలిపోతాయి, 17 దగ్గర రెండు రోజులు చూడాలి.

ఒకటి గమనించండి. ఈ లెక్క తిన్నటి గీతలా పోదు. చల్లటి వైపు ఒక డిగ్రీ పెంచితే ఆదా అయ్యే గంటలు ఎక్కువ, వెచ్చటి వైపు ఒక డిగ్రీ పెంచితే తక్కువ. 16 నుంచి 18కి తెస్తే తేడా బాగా తెలుస్తుంది. 27 నుంచి 29కి తెస్తే మిగిలేది కొద్ది గంటలే, దానికి కట్టే మూల్యం మాత్రం పెద్దది.

ఆ మూల్యం ఏంటి? వేడి పెంచితే ఎక్కువ పంట వస్తుంది కదా?

నేను కూడా అలాగే అనుకున్నాను. వేడి పెంచితే పెరిగేది పంట కాదు, వేగం. వేగం పెరిగితే ఆకలి పెరుగుతుంది. అకార్టియా ఒంట్లో కొవ్వు నిల్వ దాదాపు ఉండదు, ఈరోజు తిన్నదే రేపటి గుడ్డు. చల్లటి నీళ్ళలో ఒక పూట మేత తప్పినా నెట్టుకొస్తుంది, 28 డిగ్రీల్లో సాయంత్రం పోసిన ఆల్గే (మేతగా వేసే సూక్ష్మ నాచు) అర్ధరాత్రికే అయిపోతే మర్నాటికి గుడ్ల లెక్క పడిపోయి కనిపిస్తుంది. అప్పుడు మనం "వేడి పెంచినా గుడ్లు పెరగలేదే" అని ఇంకో డిగ్రీ పెంచుతాం. ఈ గోతిలో పడనివాళ్ళు తక్కువ.

ఇక ఆక్సిజన్. మామూలు సముద్రపు నీరు 20 డిగ్రీల్లో లీటరుకు దాదాపు 7.4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటుంది, 30 డిగ్రీల్లో 6.2 మాత్రమే. అంటే జీవి ఎక్కువ పీల్చే సమయానికి నీళ్ళలో ఉండేదే తగ్గింది. ఎయిర్ (పంపుతో వదిలే గాలి) పెంచుదామంటే కలనాయిడ్లకు గట్టి బుడగలు పడవు, మీసాలు విరుగుతాయి. అమ్మోనియా కూడా వేడికి కోరలు తెచ్చుకుంటుంది. మొత్తం అమ్మోనియా అంతే ఉన్నా, పీహెచ్ మారకపోయినా, పది డిగ్రీలు పెరిగితే అందులో విషపు భాగం దాదాపు రెట్టింపవుతుంది. బాక్టీరియా, సీలియేట్లు (ఏకకణ జీవులు), ఎక్కడినుంచో వచ్చి చేరే రోటిఫర్లు, ఇవన్నీ వేడిలో కోపిపాడ్ల కన్నా వేగంగా పెరుగుతాయి. ఒక్క రోటిఫర్ చాలు, దానికి మగతోడు కూడా అక్కర్లేదు, వారం తిరిగేసరికి ట్యాంకు దాని పేరు మీదకి మారిపోతుంది.

చివరిది చాలామంది పట్టించుకోనిది. ఎక్కువ వేడిలో పెరిగిన కోపిపాడ్ చిన్న ఒంటితోనే పెద్దదైపోతుంది, చిన్న ఆడది సాధారణంగా తక్కువ గుడ్లు పెడుతుంది, పైగా తొందరగా ముసలిదవుతుంది. కాబట్టి ఆ జాతికి తగిన వేడిలో పై అంచు కన్నా రెండు మూడు డిగ్రీలు కింద నడపమని నా సలహా. పంట ఒక రోజు ఆలస్యంగా వస్తుంది, మీకు రాత్రి నిద్ర పడుతుంది.

పగలు 28, రాత్రి 23 ఉంటోంది. సగటు బాగానే ఉంది కదా?

సగటును జీవి చూడదు. మెల్లగా, రోజూ ఒకేలా పెరిగి తగ్గే రెండు మూడు డిగ్రీల తేడాను చాలా జాతులు ఓర్చుకుంటాయి, ప్రకృతిలోనూ అది ఉన్నదే. అయిదు డిగ్రీలు, అదీ చిన్న బకెట్లో గంటన్నరలో జరిగితే మాత్రం నాప్లిలు దెబ్బతింటాయి, ముఖ్యంగా పెంకు వదిలే సమయంలో ఉన్నవి. పెద్దవి బతికే ఉంటాయి కాబట్టి మీకు అనుమానం రాదు. వారం తర్వాత చూస్తే మధ్య వయసువి ఉండవు, పెద్దవి, కొత్తగా పుట్టినవి మాత్రమే ఉంటాయి. అలా మధ్యలో ఖాళీ కనిపిస్తే వారం కిందటి వేడి లెక్కలు తిరగేయండి.

చేయాల్సింది సులువే. పది లీటర్ల పాత్రలు పది విడివిడిగా గదిలో పెట్టే బదులు, వాటన్నిటినీ ఒక పెద్ద నీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టి తొట్టి నీళ్ళను వేడిచేయండి. హీటర్ కోపిపాడ్లు ఉన్న నీళ్ళలో ఉండకూడదు, ఎందుకంటే థర్మామీటర్ 26 చూపిస్తున్నా హీటర్ గాజు పక్కన నీళ్ళు ఎంతో ఎక్కువ కాగుతాయి, దాన్ని తాకి పోయిన నాప్లి ఉడికిపోయినట్టే. తొట్టిలో చిన్న పంపు ఒకటి తిరుగుతుండాలి, లేకపోతే ఒక మూల పాత్ర వేడి, ఇంకో మూలది చల్లన.

థర్మామీటర్‌ను నమ్మొచ్చా?

ఒకసారి పరీక్షించాక నమ్మండి. మంచినీళ్ళ ఐసును మెత్తగా దంచి, గ్లాసు నిండా వేసి, ఐసు సందులు నిండేంత నీళ్ళు పోసి, కలిపి, అయిదు నిమిషాలాగి థర్మామీటర్ పెడితే సున్నా చూపించాలి. నా దగ్గర ఒక డిజిటల్ది సున్నా చూపించాల్సిన చోట మైనస్ రెండు చూపించింది. అంటే నేను 27 అనుకుని నడిపిన రెండు నెలలూ ట్యాంకు 29లో ఉందన్నమాట, ఆ రెండు నెలలూ నేను తిట్టుకున్నది ఆల్గేని. ఇంకో మాట, అత్యధికం, అత్యల్పం రెండూ గుర్తుపెట్టుకునే థర్మామీటర్ కొనండి. మనం ట్యాంకు ముందు నిలబడి చూసే పదకొండింటి లెక్క ఎప్పుడూ బాగానే ఉంటుంది, తెల్లవారుజాము నాలుగింటిది మనకు కావాలి.

నీళ్ళు మార్చేటప్పుడు ఎంత తేడా ఉండొచ్చు?

కొత్త నీళ్ళు పాత నీళ్ళతో ఒక డిగ్రీ లోపు తేడాలో ఉంటే చాలు. వేరే చోటి నుంచి స్టాక్ వస్తే, సంచీని మీ నీళ్ళ మీద తేలేసి, వేడి సమానమయ్యాక కొంచెం కొంచెంగా మీ నీళ్ళు కలపండి. గంటకు ఒకటి రెండు డిగ్రీలకు మించి మార్చొద్దు. ఉప్పుదనం కూడా ఒకేసారి మారుతుంటే ఇంకా నెమ్మదిగా. రెండు దెబ్బలు కలిసి పడితే విడివిడిగా తట్టుకునేది కూడా తట్టుకోలేదు.

వెలుతురు సంగతికొస్తే, అసలు చీకట్లో పెరగవా?

పెరుగుతాయి. కోపిపాడ్ మొక్క కాదు, దాని తిండికి వెలుతురు అక్కర్లేదు. పూర్తి చీకట్లో కూడా చాలా జాతులు తింటాయి, గుడ్లు పెడతాయి. అయినా నేను చీకట్లో పెంచను, రెండు కారణాలకు. ఒకటి, ట్యాంకులో పోసిన ఆల్గే వెలుతురుంటేనే బతికుండి కాస్త అమ్మోనియా లాగేసుకుని కాస్త ఆక్సిజన్ ఇస్తుంది, చీకట్లో అదే ఆల్గే ఆక్సిజన్ పీల్చుకుని, చచ్చి అడుగున చేరి కుళ్ళుతుంది. రెండు, రాత్రి పగలు తేడా ఈ జీవులకు గడియారం. సముద్రంలో కలనాయిడ్లు చాలావరకు పగలు కిందకు దిగి, రాత్రి పైకొచ్చి తింటాయి. ట్యాంకులో కిందా పైనా పెద్ద తేడా లేకపోయినా రాత్రి ఎక్కువ తినే అలవాటు చాలా వాటిలో మిగిలే ఉంటుంది. అందుకే మేతలో పెద్ద భాగం లైట్లు ఆర్పే ముందు పోయమంటాను. రాత్రి పెట్టిన గుడ్లు అడుగుకు చేరి ఉంటాయి, పొద్దున్నే సైఫన్ చేస్తే దొరుకుతాయి. మధ్యాహ్నం దాకా ఆగితే వాటిలో కొన్నిటిని తల్లులే తినేస్తాయి. అకార్టియా ఈ విషయంలో మరీ మొహమాటం లేనిది.

రోజుకు ఎన్ని గంటల వెలుతురు?

12 గంటల నుంచి 16 గంటల మధ్య ఏదైనా పరవాలేదు, ఒకసారి పెట్టాక మార్చకుండా ఉంటే. టైమర్ పెట్టండి. "నేనే వేసి ఆర్పుతాను" అన్నవాళ్ళ ట్యాంకుల్లో ఆదివారానికి ఒక లెక్క, సోమవారానికి ఇంకో లెక్క.

తక్కువ గంటలు ఎందుకు వద్దంటానంటే, కొన్ని కలనాయిడ్లు పగటి పొడవు చూసి రుతువు తెలుసుకుంటాయి. లాబిడోసెరా ఎస్టివా అనే కలనాయిడ్ మీద 1980లో వచ్చిన పరిశోధన దీన్ని స్పష్టంగా చూపించింది. పగలు చిన్నదైతే ఆ తల్లి మామూలు గుడ్ల బదులు నిద్రగుడ్లు పెడుతుంది. నిద్రగుడ్డు అంటే చచ్చినది కాదు, చలికాలం దాటేదాకా పొదగని గుడ్డు. మీ ట్యాంకులో అలాంటి జాతి ఉండి, గది చల్లగా ఉండి, లైటు ఎనిమిది గంటలే వెలుగుతుంటే, గుడ్లు బోలెడు కనిపిస్తాయి, నాప్లిలు మాత్రం రావు. గుడ్లు చెడిపోయాయని పారబోస్తాం. వెచ్చటి నీళ్ళ జాతులకు ఈ బెడద చాలా తక్కువ, అయినా 12 గంటల కన్నా తగ్గించాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు నాకు.

24 గంటలూ లైటు వేస్తే? ఆల్గే సంతోషిస్తుంది, గోడలకు పాచి ఇంకా సంతోషిస్తుంది. కోపిపాడ్లకు నేను చూసిన లాభం లేదు.

ఎంత గట్టి వెలుతురు ఉండాలి?

ట్యాంకు పక్కన నిలబడి పుస్తకం ఇబ్బంది లేకుండా చదవగలిగితే చాలు. వెలుతురు కొలిచే లక్స్‌లో కావాలంటే నీళ్ళ మీద కొన్ని వందలు. ఆల్గే సీసాలకు కావాల్సింది వేలల్లో, ఆ రెండింటినీ ఒకే ర్యాకులో పెట్టి ఒకే ట్యూబు లైటు కింద నడపడం వల్ల వచ్చే గొడవలే ఎక్కువ. నేరుగా ఎండ పడితే లక్ష లక్స్ దాకా పోతుంది. అందులోని అతినీలలోహిత కిరణాలు పలచటి ఒంటి నాప్లిలకు, గుడ్లకు చేటు. బయట పెద్ద తొట్లలో పెంచేవాళ్ళు నీడవల కడతారు. నిజానికి బయట తొట్లలో కోపిపాడ్లను కాపాడేది ఎక్కువగా ఆకుపచ్చటి నీళ్ళే, చిక్కటి ఆల్గే కింద నాలుగు వేళ్ళ లోతులోనే వెలుతురు సగం చచ్చిపోతుంది. నీళ్ళు తేటగా ఉన్న రోజున నీడవల రెండు మడతలు వేయండి.

ఎండ వల్ల ఇంకో దొంగదెబ్బ ఉంది. గట్టి వెలుతురులో ఆల్గే కార్బన్ డయాక్సైడ్ లాగేసుకుంటుంది కాబట్టి మధ్యాహ్నానికి పీహెచ్ పైకి పోతుంది, అదే సమయానికి నీళ్ళు కూడా కాగి ఉంటాయి. విషపు అమ్మోనియా పెరగడానికి కావాల్సిన రెండూ ఒకేసారి వచ్చాయన్నమాట. మధ్యాహ్నం మూడింటికి అడుగున పడి ఉన్న కోపిపాడ్లను చూసి "ఎండదెబ్బ" అంటారు, చాలాసార్లు అది అమ్మోనియా దెబ్బ.

అన్నీ ఒక మూలకే చేరుతున్నాయి. జబ్బా?

కాదు, అక్కడ లైటు పడుతోంది. కోపిపాడ్‌కు ఉండేది సాధారణంగా నెత్తి మధ్యలో ఒక చిన్న ఎర్రటి కన్ను. దానితో బొమ్మ కనపడదు, వెలుతురు ఎటు ఉందో తెలుస్తుంది. కలనాయిడ్ నాప్లిలు చాలావరకు వెలుతురు వైపే పోతాయి. గది మొత్తం సమానంగా వెలుగుంటే ట్యాంకంతా పరుచుకుంటాయి, ఒక్క కిటికీయో టేబుల్ లైటో పక్క నుంచి పడుతుంటే అక్కడే గుంపుకడతాయి.

ఇది ముచ్చటగా కనిపిస్తుంది కానీ ప్రమాదం. ఒక రాత్రి నేను నాప్లిలను చూడటానికి ట్యాంకు పక్కన పెట్టిన టార్చి ఆర్పడం మర్చిపోయి పడుకున్నాను. ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) ఎదురు మూలలో ఉంది. పొద్దున లేచి చూస్తే టార్చి ఉన్న వైపు గాజుకు అరచేయంత మేర గులాబీ రంగు మరక, అడుగున అదే రంగు బూడిద. రాత్రంతా అక్కడ చేరి, ఉన్న ఆక్సిజన్ ఉన్నట్టు పీల్చేసి, ఊపిరాడక పోయాయి. మిగతా ట్యాంకు తేటగా, ఖాళీగా ఉంది. అప్పటినుంచి లైటు నెత్తి మీదే, మధ్యలోనే, ఎయిర్ స్టోన్ కూడా దాని కిందే. పక్కలకు నల్ల ప్లాస్టిక్ చుట్టేశాను.

మరి ఆ అలవాటుతోనే వాటిని పట్టుకోవచ్చా?

పట్టుకోవచ్చు, ఇంతకన్నా సుఖమైన పద్ధతి లేదు. ఎయిర్ ఆపండి. అయిదు నిమిషాలాగితే చెత్త, పొదగని గుడ్లు, మలం అడుగుకు దిగుతాయి. ట్యాంకును నల్లగుడ్డతో కప్పి, పైన ఒక మూల మాత్రం రూపాయి బిళ్ళంత సందు ఉంచి, దాని మీద టార్చి పెట్టండి. పావుగంటకు ఆ మూల నీళ్ళు ముగ్గుపొడి కలిపినట్టు తెల్లగా కదులుతుంటాయి. సన్నటి గొట్టాన్ని నీటి మట్టానికి రెండు వేళ్ళ కింద పెట్టి మెల్లగా సైఫన్ చేసి, నీళ్ళలోనే మునిగి ఉన్న మెష్ మీదకు వదలండి. గాలిలో మెష్ పెట్టి పైనుంచి పోస్తే సగం నలిగిపోతాయి. నాప్లిలను ఆపడానికి 40 మైక్రాన్ల దగ్గర మెష్, పెద్దవి అందులోకి రాకుండా దానికి ముందు 150 మైక్రాన్ల దగ్గర మెష్ ఒకటి. మొత్తం అరగంటలో అయిపోవాలి, ఎయిర్ ఆపిన సంగతి మర్చిపోవద్దు.

టిస్బె లాంటి హార్పాక్టికాయిడ్లకు ఈ కిటుకు సరిగా పనిచేయదు. అవి ఎక్కువగా అడుగున, గోడల మీద పాకేవి. వాటికి జల్లెడే దిక్కు.

ఏ రంగు లైటు మంచిది?

మామూలు తెల్ల ఎల్‌ఈడీ. సముద్రపు నీళ్ళలో లోతుకు దిగేది నీలం, ఆకుపచ్చ కాంతే కాబట్టి చాలా కోపిపాడ్ల కన్ను వాటికే ఎక్కువ స్పందిస్తుంది, ఎరుపుకు తక్కువ. దీని ఉపయోగం ఏంటంటే, రాత్రి ట్యాంకు చూడాల్సి వస్తే మసక ఎర్ర లైటుతో చూడండి, వాటిని పెద్దగా కదిలించదు. రంగురంగుల లైట్లతో పంట పెంచుతామనే మాటలకు అంతకుమించి చెవి ఇవ్వను. లైటు కన్నా లైటు నుంచి వచ్చే వేడి చూసుకోండి, మూత మీద ఆనించి పెట్టిన పాతరకం బల్బు చిన్న పాత్రను రెండు మూడు డిగ్రీలు కాచేస్తుంది.

ఆల్గేకి ఇచ్చే వేడి, వెలుతురు వల్ల కోపిపాడ్లకు తేడా వస్తుందా?

అసలు సంగతి ఇక్కడే ఉందని నేనంటాను. రోడోమోనాస్ అనే ఆల్గే కోపిపాడ్లకు ఎంతో మంచి మేత, కానీ అది చల్లదనం కోరుతుంది. 20 దగ్గర బాగుంటుంది, 25 దాటిన కొద్దీ నీరసపడుతుంది. మీ కోపిపాడ్లు 28లో ఉన్నాయనుకోండి, చల్లటి గదిలో పెంచిన రోడోమోనాస్ అందులో పోస్తే కొన్ని గంటల్లో కదలిక మానేసి అడుగుకు చేరుతుంది. ఆ కణాలు కలనాయిడ్లకు అందవు. లెక్క ప్రకారం మేత పోశాం, నిజానికి అవి పస్తున్నాయి. అందుకే వెచ్చటి జాతులకు తాహితీ ఐసోక్రైసిస్ లాంటి ఆల్గేలు ముఖ్య మేతగా పెట్టి, రోడోమోనాస్ కొద్దికొద్దిగా రోజుకు మూడుసార్లు ఇవ్వడం మేలు.

ఇంకోటి, ఆల్గేని చల్లగా పెంచితే దాని కొవ్వుల్లో ఒమేగా రకాలు సాధారణంగా పెరుగుతాయి. మరీ గట్టి లైటు కింద, ఎరువు అయిపోయిన పాత సీసాలో ఆల్గే పిండిపదార్థం, మామూలు కొవ్వు పోగేసుకుని నాసిరకం అవుతుంది. సీసా చిక్కగా ఉందని మురిసిపోవద్దు. ఇంకా పెరుగుతున్న దశలో ఉన్న, నాలుగైదు రోజుల సీసానే మేతకు వాడండి.

గుడ్లను ఫ్రిజ్‌లో దాచొచ్చా?

అకార్టియా లాంటి, గుడ్లను నీళ్ళలోకి వదిలేసే జాతులవైతే దాచొచ్చు. అడుగునుంచి తీసిన గుడ్లను శుభ్రమైన, వడగట్టిన సముద్రపు నీళ్ళతో బాగా కడిగి, చిన్న సీసాలో మూతి దాకా నీళ్ళు నింపి, గాలి బుడగ లేకుండా బిగించి, 2 నుంచి 4 డిగ్రీల్లో చీకట్లో పెట్టండి. చల్లదనం, ఆక్సిజన్ లేకపోవడం రెండూ కలిసి గుడ్డును నిద్రపుచ్చుతాయి. నెలల తరబడి ఉంటాయి, కాకపోతే నెలనెలా పొదిగే శాతం తగ్గుతూ వస్తుంది. మలం, చెత్త కలిసి ఉంటే కుళ్ళిపోతాయి కాబట్టి కడగడమే ముఖ్యం. డీప్ ఫ్రీజర్‌లో పెట్టొద్దు, గడ్డకడితే అంతే. గుడ్లను సంచీలో ఒంటికి తగిలించుకు తిరిగే టిస్బె, ఓయిథోనా లాంటి వాటికి ఈ పద్ధతి పనికిరాదు.

వాడే ముందు ఒక వంద గుడ్లను చిన్న గాజు పళ్ళెంలో వేసి, పెంచే వేడిలో, వెలుతురులో రెండు రోజులు ఉంచి ఎన్ని పొదిగాయో లెక్కపెట్టండి. 60 పొదిగితే లార్వాల ట్యాంకుకు ఎన్ని గుడ్లు తీయాలో తెలుస్తుంది. లెక్కపెట్టకుండా సీసా కుమ్మరించి, లార్వాలు పస్తు పడుకున్నాక బాధపడి లాభం లేదు.

వేడి సరిగ్గా ఉంది, లైటు సరిగ్గా ఉంది, అయినా గుడ్లు తగ్గాయి. ఎందుకు?

ఒక ఆడదాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి పొట్ట చూడండి. రోడోమోనాస్ తిన్నదైతే పేగు ఎర్రగోధుమ రంగు గీతలా, ఐసోక్రైసిస్ తిన్నదైతే బంగారు రంగులో నిండుగా కనిపించాలి. పేగు గాజులా ఖాళీగా ఉంటే మేత సమస్య, మిగతావి వెతకక్కర్లేదు. నిండుగానే ఉంటే అడుగు చెత్తలో గుడ్లు ఉన్నాయేమో, తినేస్తున్నాయేమో చూడండి, పెద్దవి మరీ కిక్కిరిసి ఉన్నాయేమో చూడండి. ఆ తర్వాత వయసు. వెచ్చటి నీళ్ళలో ఆడవి గట్టిగా గుడ్లు పెట్టేది కొద్ది రోజులే, అన్నీ ఒకే వయసువైతే ఒకేసారి ఆగిపోతాయి. వారానికొక కొత్త ట్యాంకు మొదలుపెడుతూ పోతే ఈ దెబ్బ తగలదు.

మగవే ఎక్కువగా కనిపిస్తున్నాయి. వేడి వల్లేనా?

కావచ్చు. టిగ్రియోపస్ కాలిఫోర్నికస్‌లో వేడి పెరిగితే మగవాటి శాతం పెరుగుతుందని ప్రయోగాల్లో తేలింది. అన్ని జాతులకూ ఇదే వర్తిస్తుందని కాదు. లెక్కపెట్టే ముందు మీ మెష్ చూసుకోండి, చాలా కలనాయిడ్లలో మగవి ఆడవాటికన్నా చిన్నవి, మెష్ మారితే లెక్క మారుతుంది.

కరెంటు పోతే ముందు ఏది చూసుకోవాలి?

ఎయిర్. వేడి కాదు, లైటు అసలే కాదు. పెద్ద ట్యాంకు చల్లబడటానికి గంటలు పడుతుంది, కిక్కిరిసిన వెచ్చటి ట్యాంకులో ఆక్సిజన్ అయిపోవడానికి అంత సమయం పట్టదు. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు దగ్గర ఉంచుకోండి, లేకపోతే చెంబుతో నీళ్ళు ముంచి మెల్లగా పోస్తూ ఉండండి. ఆ పూట మేత ఆపేయండి, చీకట్లో ఆల్గే కూడా ఆక్సిజన్ తినేదే. కరెంటు వచ్చాక హీటర్‌ను ఒకేసారి పాత లెక్కకు పెట్టకుండా నీళ్ళు ఇప్పుడు ఎన్ని డిగ్రీల్లో ఉన్నాయో చూసి, గంటకో డిగ్రీ చొప్పున పైకి తీసుకురండి.